ఆఫీసులో వెలి

(హనుమకొండలో వివిధ శాఖల ఉద్యోగుల సమావేశంలో ఒక విశ్రాంత బ్యాంకు అధికారి చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఉద్యోగుల ఆరోగ్యం మీద మాట్లాడమని పిలిచారు. బీపీ, షుగరు, నడుము నొప్పి గురించి చెప్పడానికి మన ఊళ్లో డాక్టర్లకు కొదవ లేదు. వాళ్ల పని నేను ముట్టుకోను. కరీంనగర్, జగిత్యాల, భూపాలపల్లి, వరంగల్ శాఖల్లో పనిచేసిన కాలమంతా నేను అధికారుల సంఘంలో కూడా ఉన్నాను. తోటి ఉద్యోగుల ఫిర్యాదులు వినడం నాకు రెండో ఉద్యోగం అయిపోయింది. అలా విన్నవాటిలోంచి ఒక్క విషయం ఎత్తుకుంటాను.

మేనేజరు తిట్టాడని వచ్చేవాళ్లు ఉండేవారు. ఏ మాట అన్నాడో, ఎవరి ముందు అన్నాడో చెప్పి, తామూ నాలుగు మాటలు తిట్టి, చాయ్ తాగి, కొంత తేలికపడి వెళ్లేవారు. ఇంకో రకం వాళ్లు వచ్చేవారు. కూర్చుంటారు, ఏమీ చెప్పరు. బదిలీ ఎప్పుడు పెట్టుకోవచ్చు, స్వచ్ఛంద విరమణకు ఎన్నేళ్ల సర్వీసు కావాలి అని చుట్టూ తిరిగి అడుగుతారు. గుచ్చి గుచ్చి అడిగితే చివరికి ఒక మాట బయటికి వస్తుంది: "నాతో ఎవరూ మాట్లాడటం లేదు." ఆ మాట అనడానికి యాభై ఏళ్ల మనిషి సిగ్గుపడేవాడు. బడిపిల్లల గొడవలా వినిపిస్తుందని ఆయన భయం. నేను చూసినంతలో తిట్లు తిన్నవాళ్ల కంటే వీళ్లే ఎక్కువ దెబ్బతిన్నారు.

వెలి మనకు కొత్త కాదు. నిజామాబాద్, నిర్మల్, జగిత్యాల జిల్లాల్లో గ్రామాభివృద్ధి కమిటీలు కుటుంబాలను వెలివేసిన వార్తలు పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. ఆ ఇంటివాళ్లకు కిరాణా సరుకు ఇవ్వకూడదు, పొలం పనికి పోకూడదు, ఎవరైనా మాట్లాడితే జరిమానా. చదివి ఛీ అనుకుంటాం. అయితే ఊళ్లో వెలికి ఒక నిర్ణయం ఉంటుంది. ఎవరు చెప్పారో ఊరందరికీ తెలుసు. పోలీసు స్టేషన్‌కు వెళ్తే చెప్పుకోవడానికి పేర్లు ఉంటాయి. ఆఫీసులో వెలికి ఎవరూ తీర్మానం చేయరు. అడిగితే "అలాంటిదేమీ లేదే, మీరే ఏదో అనుకుంటున్నారు" అంటారు. కొందరు నిజంగానే ఆ మాట నమ్మి అంటారు.

చదువు, హోదా ఉంటే ఇది తగలదని అనుకునేవాళ్లు అంబేడ్కర్ జీవితం చూడాలి. కొలంబియా యూనివర్సిటీలో చదివి వచ్చి 1917లో బరోడా సంస్థానంలో అధికారిగా చేరారు. బంట్రోతులు ఫైళ్లు చేతికివ్వకుండా బల్ల మీదికి దూరం నుంచి విసిరేవారు. ఆఫీసులో తాగడానికి నీళ్లు దొరికేవి కావు. ఊళ్లో అద్దెకు ఇల్లు దొరకలేదు. పార్సీల సత్రంలో తలదాచుకుంటే అక్కడి నుంచీ వెళ్లగొట్టారు. కొద్దిరోజుల్లోనే ఆ ఉద్యోగం వదిలేయాల్సి వచ్చింది. పని చేతకాదని ఆయనను ఎవరూ అనలేదు. అక్కడ ఉండనివ్వలేదు, అంతే. మన ఆఫీసుల్లో ఇప్పుడు ఫైలు విసరరు. కానీ ఎవరి డబ్బాలో కూర ఎవరు వేసుకుంటారు, ఎవరిది వేసుకోరు అన్నది లంచ్ టైమ్‌లో ఒక్క వారం గమనించండి. కులం ఎక్కడికీ పోలేదని అర్థమవుతుంది.

ఇది బయటికి ఎలా కనిపిస్తుందో చెబుతాను, ఎందుకంటే చూడటం అలవాటు లేకపోతే కనిపించదు. అటెండర్ చాయ్ ట్రే పట్టుకుని అన్ని బల్లల దగ్గరా ఆగి ఒక్క బల్ల దాటిపోతాడు. వాట్సాప్‌లో ఆఫీసు గ్రూపు ఉండగానే ఇంకో గ్రూపు పుడుతుంది, అందులో ఒక్కరు తప్ప అందరూ ఉంటారు. పాత గ్రూపులో ఇక శుభోదయాలే మిగులుతాయి. (నవ్వులు) మీటింగ్ అయిపోయాక మీటింగ్ అయిందని తెలుస్తుంది. మేడారం జాతరకు కారు మాట్లాడుకుంటారు, సీటు లేదంటారు. బతుకమ్మ రోజు చీరల రంగు ముందే అనుకుని వస్తారు, ఒకామె మాత్రం వేరే రంగు చీరలో వచ్చి వాకిట్లో నిలబడిపోతుంది. ఇంకోటి ఉంది, మన దగ్గర చాలా సున్నితంగా పనిచేస్తుంది. నిన్నటిదాకా "అక్కా" అన్న అమ్మాయి ఇవాళ "మేడం" అంటుంది. గౌరవం పెరిగిందని ఎవరికి ఫిర్యాదు చేస్తారు?

ఇక పై అధికారి చేసే వెలి వేరు. పని ఇవ్వకపోవడం. పని ఎక్కువైందని ఏడ్చేవాళ్లను మనం చాలామందిని చూశాం కాబట్టి, పని లేకపోతే హాయే కదా అనిపిస్తుంది. పది గంటలకు సంతకం పెట్టి ఐదు గంటల దాకా ఖాళీ బల్ల ముందు కూర్చోవడం ఒక్క నెల చేసి చూడండి. దీనికి మన ప్రభుత్వ ఆఫీసుల్లో లూప్‌లైన్ అనే మంచి పేరుంది. రైల్వేలో పనిచేసే కాజీపేట వాళ్లు ఎక్కువమంది ఉన్నారు కాబట్టి వివరించనక్కరలేదు: బండిలో లోపమేమీ ఉండదు, పక్కన నిలబెట్టి మిగతా బండ్లను పంపిస్తుంటారు. జపాన్‌లో కంపెనీలు వదిలించుకోదలచిన ఉద్యోగులను ఏ పనీ ఇవ్వకుండా ప్రత్యేకంగా ఒక గదిలో కూర్చోబెడతాయి. ఆ గదులకు అక్కడ 'వెళ్లగొట్టే గదులు' అనే పేరే పడింది. ఫ్రాన్స్‌లో ఇది కోర్టు దాకా వెళ్లింది. ఫ్రాన్స్ టెలికాం సంస్థ 2006 తర్వాత ఇరవై రెండు వేల మందిని బయటికి పంపాలనుకుంది. చాలామందిది ప్రభుత్వోద్యోగుల హోదా కాబట్టి నేరుగా తీసేయడం కుదరదు. వాళ్లంతట వాళ్లే వెళ్లిపోయేలా బదిలీలు చేశారు, పనులు మార్చారు, పక్కన కూర్చోబెట్టారు. ఉద్యోగుల ఆత్మహత్యలు బయటపడ్డాయి. 2019 డిసెంబరులో పారిస్ కోర్టు సంస్థనూ, దాని మాజీ అధిపతి డిడియే లొంబార్‌నూ దోషులుగా తేల్చింది. ఫలానా మనిషిని ఫలానా అధికారి వేధించాడని రుజువు కావాలని పట్టుబట్టకుండా, సంస్థ పద్ధతే వేధింపు అని చెప్పిన తీర్పు అది.

మాట్లాడకపోతే అంత నొప్పి ఎందుకు? కిప్లింగ్ విలియమ్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒకరోజు పార్కులో తన కుక్కతో కూర్చుని ఉన్నాడు. అక్కడ ఇద్దరు ఆడుకుంటున్న ఫ్రిస్‌బీ పళ్లెం వచ్చి ఆయనకు తగిలింది. తీసి విసిరాడు. వాళ్లు తిరిగి ఆయనకే విసిరారు. కాసేపు ముగ్గురూ ఆడారు. ఉన్నట్టుండి ఆ ఇద్దరూ ఆయన వైపు విసరడం మానేశారు. పేరు కూడా తెలియని మనుషులు, మళ్లీ కనిపించరు. అయినా మనసు చివుక్కుమంది. ఆ ఆటనే తర్వాత కంప్యూటర్ మీదికి తెచ్చాడు. తెర మీద ముగ్గురు బంతి విసురుకుంటారు. మిగతా ఇద్దరూ నిజానికి ప్రోగ్రామే. మొదట రెండు మూడుసార్లు బంతి మీకు వస్తుంది, ఆ తర్వాత రాదు. కొద్ది నిమిషాల ఆటకే మనుషులు తాము ఎవరికీ చెందనివాళ్లమనీ, తమ చేతిలో ఏమీ లేదనీ, తాము ఉన్నా లేనట్టేననీ రాశారు. అవతల ఉన్నది కంప్యూటరే అని ముందే చెప్పినా అంతే. అమెరికాలో నల్లజాతివాళ్లను చంపిన కూ క్లక్స్ క్లాన్ ముఠాకు చెందినవాళ్లు మిమ్మల్ని ఆటలోంచి తీసేశారని చెప్పినా అంతే. తాము అసహ్యించుకునేవాళ్లు పక్కన పెట్టినా మనిషికి గుచ్చుకుంటుంది.

2003లో ఇదే ఆట ఆడిస్తూ మెదడును స్కాన్ చేశారు. ఒంటికి దెబ్బ తగిలితే చురుకయ్యే భాగాల్లో కొన్ని ఇక్కడా చురుకయ్యాయి. దాని అర్థం ఏమిటన్నది శాస్త్రవేత్తలు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. నాకైతే ఆ వాదన తేలేదాకా ఆగాల్సిన అవసరం కనిపించదు. బాధపడుతున్న మనిషి ఎదురుగా కూర్చుని చెబుతుంటే నమ్మనివాళ్లు స్కాన్ బొమ్మ చూపిస్తే నమ్మడం ఈ కాలపు విచిత్రం.

కెనడాలో బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీ పరిశోధకులు ఇంకో పని చేశారు. తిట్టడం, ఎగతాళి చేయడం ఎంత తప్పు, పట్టించుకోకపోవడం ఎంత తప్పు అని ఉద్యోగులను అడిగారు. పట్టించుకోకపోవడం చిన్న తప్పే అన్నారు. ఎవరికి ఏది జరిగింది, వాళ్ల ఆరోగ్యం ఎలా ఉంది, తర్వాత ఎవరు ఉద్యోగం మానేశారు అని చూస్తే లెక్క తిరగబడింది. తిట్లు తిన్నవాళ్ల కంటే పక్కన పెట్టబడినవాళ్లే ఎక్కువ నలిగారు, ఎక్కువగా మానేశారు. తిట్టేవాడికి కనీసం మీరు ఉన్నారని తెలుసు కదా.

ఇప్పుడు ఒక మనిషి గురించి చెబుతాను. ఊరు, శాఖ వద్దు. రైస్ మిల్లుకు ఇచ్చిన లోను మీద స్టాకు చూడటానికి వెళ్లిన ఒక ఫీల్డ్ ఆఫీసరు, స్టేట్‌మెంటులో రాసిన బస్తాలకూ గోదాములో ఉన్న బస్తాలకూ పొంతన లేదని రాశాడు. పరిమితి పెంచే ఫైలు మీద సంతకం పెట్టనన్నాడు. మార్చి నెల, టార్గెట్ల కాలం. మేనేజరు ఒక్క మాట కూడా అనలేదు. మరుసటి రోజు నుంచి అతని పేరు పిలవడం మానేశాడు, అంతే. మిగతావాళ్లకు అది చాలు. ఎవరికీ ఎవరూ ఏమీ చెప్పలేదు. లంచ్ బల్ల దగ్గర కుర్చీలు సర్దుకున్నాయి.

మొదటి నెలల్లో అతను ఎక్కువ మంచివాడయ్యాడు. అందరికీ ముందుగా నమస్తే పెట్టేవాడు. స్వీట్లు తెచ్చేవాడు. అడగకపోయినా ఇతరుల పని చేసిపెట్టేవాడు. తర్వాత అది ఆగింది. ప్రతిదీ రాతపూర్వకంగా అడగడం మొదలుపెట్టాడు. పక్క గదిలో నవ్వు వినిపిస్తే తన మీదేననుకునేవాడు. ఒకే వోచరు మూడుసార్లు సరిచూసి, నాలుగోది చూడకుండా వదిలేసేవాడు. ఇది కూడా పరిశోధనల్లో తేలిందే: తాము ఒంటరిగా మిగిలిపోతామని నమ్మించిన మనుషులకు పరీక్షలు పెడితే, బట్టీపట్టి చెప్పేవి బాగానే చెబుతారు, ఆలోచించి తేల్చాల్సిన చోట తప్పుతారు. ఆ ఫీల్డ్ ఆఫీసరు ఇంట్లో భార్యతో మాట్లాడటం తగ్గించి, పిల్లల మీద అరవడం పెంచాడు. చివరికి ఒకరోజు చాయ్ ఇవ్వని అటెండర్ మీద హాలంతా వినిపించేలా అరిచాడు.

అప్పుడు శాఖ మొత్తం ఊపిరి పీల్చుకుంది. "చూశారా, ఆయన ఎలాంటివాడో!" మెమో వచ్చింది, సిబ్బందితో ప్రవర్తన బాగోలేదని. మెమోలో ఒక్క అక్షరం అబద్ధం లేదు. సంఘం తరఫున నేను దాన్ని చదివి ఏం వాదించాలో తెలియక కూర్చున్నాను. అరిచాడా, అరిచాడు. అనుమానిస్తాడా, అనుమానిస్తాడు. తప్పులు చేస్తున్నాడా, చేస్తున్నాడు. ఏడాది కిందటి మనిషి ఆ కాగితంలో ఎక్కడా లేడు. వెలివేయడం వల్ల పుట్టిన గుణాలన్నీ వెలివేయడానికి కారణాలుగా మారిపోయాయి.

స్వీడన్‌లో హైంజ్ లేమాన్ అనే పరిశోధకుడు 1980లలో సరిగ్గా ఈ మడత పేచీనే పట్టుకున్నాడు. బాధితుడి స్వభావమే అంత అని అందరూ చెప్పేది, చాలాసార్లు బాధ మొదలయ్యాక వచ్చిన మార్పు అన్నాడు. కనీసం వారానికోసారి, ఆరు నెలల పాటు జరిగితే దాన్ని మామూలు గొడవగా చూడకూడదని ఒక కొలత పెట్టాడు. ఆ పని ఫలితంగానే 1993లో స్వీడన్ పనిచోట వేధింపు మీద నిబంధనలు తెచ్చింది. ఉద్యోగిని పక్కన పెట్టేయడం కూడా యజమాని ఆపాల్సిన వేధింపేనని వాటిలో రాశారు.

ఆ లోను ఏమైందని అడుగుతారేమో. సక్రమంగా తీర్చేశారు. అతని అనుమానం పొరపాటే అయి ఉండవచ్చు. అయినా తన కంటికి కనిపించింది రాసే హక్కు అతనికి ఉంది. బదిలీ అయ్యాక కొత్త శాఖలో చాలాకాలం ఎవరైనా "భోజనానికి రండి సార్" అంటే ఎందుకు పిలుస్తున్నారా అని చూసేవాడట.

ఇది ఒక్క మనిషి బాధగా మిగిలిపోదు. ఇజ్రాయెల్‌లో నెలలు నిండని శిశువులను చూసే 24 వైద్య బృందాలకు బొమ్మ శిశువుతో ఒక అభ్యాసం పెట్టారు. కొన్ని బృందాలతో విదేశీ నిపుణుడిగా పరిచయమైన వ్యక్తి వాళ్ల వైద్య ప్రమాణాలను చులకన చేస్తూ మాట్లాడాడు. ఆ మాట విన్న బృందాలు రోగాన్ని గుర్తించడంలోనూ చికిత్సలోనూ వెనకబడ్డాయి. కారణం వెతికితే, ఒకరికొకరు సమాచారం చెప్పుకోవడం, సాయం అడగడం తగ్గింది. 2015లో అచ్చయిన పరిశోధన ఇది. చులకన మాటకే అలా అయితే, నెలల తరబడి మాటలు లేని చోట ఏమవుతుంది? ఈ హాల్లో విద్యుత్ శాఖ వాళ్లు ఉన్నారు. లైన్‌మన్ స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ, అంటే లైనులో కరెంటు ఆపామన్న అనుమతి, తీసుకోవాలి. ఆ ఆపరేటర్‌కూ ఈ లైన్‌మన్‌కూ మాటలు లేవనుకోండి. భూపాలపల్లి, గోదావరిఖని బొగ్గు గనుల నుంచి వచ్చినవాళ్లకు ఇంకా బాగా తెలుసు. దిగిపోయే షిఫ్టు పైకప్పు ఎక్కడ బలహీనంగా ఉందో ఎక్కే షిఫ్టుకు చెప్పకపోతే దాని ఖరీదు ఎంతో.

అవుట్‌సోర్సింగ్ వాళ్ల సంగతి ఒక్క మాటలో చెప్పి వదిలేయలేను, కానీ సమయం లేదు. ఒకే గదిలో ఒకే పని చేసేవాళ్లలో కొందరికి పేరు ఉంటుంది, కొందరు "ఆపరేటర్"గానే పదేళ్లు గడిపేస్తారు. దాన్ని మనం వెలి అనుకోం, పద్ధతి అనుకుంటాం.

ఒంటరిగా భోంచేసే ప్రతివాళ్లూ బాధితులు కారు. కొందరికి పుస్తకం పట్టుకుని ఒక మూల కూర్చోవడమే ఇష్టం, వాళ్లను వదిలేయండి. పని విషయంలో గట్టిగా ఉండే అధికారి వేధించేవాడని కూడా నేను అనను. తప్పు చేస్తే ముఖం మీద చెప్పి, సాయంత్రానికి మామూలుగా మాట్లాడే అధికారి దొరికితే అదృష్టమే.

చట్టం గురించి అడుగుతారని తెలుసు. లైంగిక వేధింపుల మీద 2013 చట్టం ఉంది. పదిమంది లేదా అంతకు మించి ఉన్న ప్రతి ఆఫీసులో అంతర్గత కమిటీ ఉండాలి, చిన్న చోట్ల పనిచేసేవాళ్లకు జిల్లాలో స్థానిక కమిటీ ఉండాలి. ఎస్సీ ఎస్టీల మీద అత్యాచారాల నిరోధక చట్టం 1989 నుంచి ఉంది, 2015 సవరణలో సాంఘిక బహిష్కరణ కూడా చేరింది. ఇవి కాక, ఆఫీసుల్లో మామూలు వేధింపుల మీద, వెలి మీద మనకు ప్రత్యేక చట్టం లేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో 190వ ఒప్పందం చేసింది, మన దేశం దాన్ని ఆమోదించలేదు. అదే సంస్థ 2022లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో పనిచేసేవాళ్లలో ఐదుగురిలో ఒకరికి పైగా ఏదో ఒక రూపంలో హింస, వేధింపు చూశారు. వాళ్లలో దాదాపు సగం మంది ఎవరికీ చెప్పుకోలేదు.

మరి ఏం చేయాలి? "పట్టించుకోకండి, మీ పని మీరు చేసుకోండి" అని చెప్పకండి. ఆ మనిషి అప్పటికే అది ప్రయత్నించి ఉంటాడు. ధైర్యం నూరిపోసే ప్రసంగాలు కూడా వద్దు. ఇబ్బంది అతని ధైర్యంలో లేదు, చుట్టూ ఉన్న పదిమందిలో ఉంది. ఆ పదిమందిలో చెడ్డవాళ్లు ఒకరో ఇద్దరో. మిగతావాళ్లు మాట్లాడితే తమనూ అదే జాబితాలో వేస్తారని భయపడేవాళ్లు. ఊళ్లో జరిమానా భయం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. అమెరికాలో ఒక యూనివర్సిటీ ఆవరణలో నడిచిపోయేవాళ్ల మీద ప్రయోగం చేశారు. ఎదురుగా వచ్చే అపరిచితుడు కొందరి కళ్లలోకి చూసి వెళ్లాడు, కొందరిని అక్కడ ఎవరూ లేనట్టు చూసి దాటిపోయాడు. వెంటనే ఇంకొకరు ఆపి అడిగితే, చూపు దక్కనివాళ్లు తాము మనుషులకు దూరమైనట్టుందని ఎక్కువగా చెప్పారు. ఒక్క చూపుకే అంత తేడా వచ్చింది. స్నేహాలు కలుపుకోమని నేను అడగటం లేదు. వెళ్లేటప్పుడు "చాయ్‌కి వస్తారా సార్" అని అడగడానికి ఏ సర్క్యులరూ అడ్డు రాదు.

ఆ స్థితిలో ఉన్నవాళ్లు ఈ హాల్లోనూ ఉంటారు. మీకు చెప్పేది వేరు. తేదీలు రాసి పెట్టుకోండి: ఏ మీటింగ్‌కు పిలవలేదు, ఏ పని తీసేశారు, ఎవరు ఉన్నారు. భావాలు వద్దు, జరిగినవి మాత్రమే. రేపు మెమో వస్తే, దానికి ముందు కాలం కూడా ఒకటి ఉందని చూపించడానికి అదొక్కటే కాగితం. నిద్ర పట్టక, చనిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే కాగితాలు పక్కన పెట్టి 14416కు ఫోను చేయండి. టెలీ మానస్, ఉచితం, రాత్రిపూట కూడా పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు.

సంఘాల నాయకులు ముందు వరుసలో కూర్చున్నారు కాబట్టి వాళ్లకొక పని. ఇంక్రిమెంటు ఆగినా, సస్పెన్షన్ వచ్చినా ఏం చేయాలో మనకు తెలుసు, ఫారాలు ఉన్నాయి. "నాతో ఎవరూ మాట్లాడటం లేదు" అని వచ్చినవాళ్లకు మన దగ్గర ఫారం లేదు. వినతిపత్రం రాయడానికి ముందు ఒకసారి ఆ ఆఫీసుకు లంచ్ టైమ్‌లో వెళ్లి, ఆ మనిషి పక్కన కూర్చుని భోంచేసి రండి. మేనేజరు గదిలోకి తర్వాత వెళ్లవచ్చు. నిర్వాహకులు చీటీ పంపారు, ప్రశ్నలకు సమయం ఇవ్వాలట. వెనక వరుసలో మేడం చెయ్యి ఎత్తి చాలాసేపయింది, మైకు అక్కడికి ఇవ్వండి.